బొటనవేలి ముందు వేలెడు ఖాళీ

మా అమ్మమ్మకి మనుషుల మొహాలు గుర్తుండవు. పాదాలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూస్తుంది, తర్వాతే పైకి చూస్తుంది. "ఓహో, నువ్వా! ఎడమ కాలు అరసైజు పెద్దది కదూ నీకు?" అని గట్టిగా అడుగుతుంది. నలుగురిలో ఆ మాట అనిపించుకున్నవాళ్ళు రెండోసారి పలకరించరు.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆవిడ ఒకే బూట్ల దుకాణంలో పనిచేసింది. కురచ స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ కాలు తన మోకాలి మీద పెట్టుకుని, బూటు తొడిగి, ముందు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూసేది. లోపల కాలివేళ్ళ ముందు వేలెడు ఖాళీ ఉంటే "సరిపోయింది" అనేది. లేకపోతే ఎంతటి వాళ్ళు వచ్చినా అమ్మేది కాదు. "ఇంత బిగుతైతే కాలికి ఊపిరాడదు. నచ్చిందని ఇరుకింట్లో కాపురం పెడతారా?" అని పెట్టె మూసేసేది. యజమాని తల పట్టుకునేవాడు. కానీ ఆవిడ చేతి మీద వెళ్ళిన బూటు వెనక్కి రాదని ఊరంతా తెలుసు. ఎప్పుడో ఏడాదికో జత వచ్చినా ఎందుకు, ఏమిటి అనకుండా తీసుకుని వేరేది తొడిగి పంపేది. "సరిపోనిది ఇచ్చిన తప్పు నాది, వేసుకున్న కాలిది కాదు" అనేది.

తర్వాత జనం ఫోన్లలో బూట్లు కొనడం, ఫోన్లలోనే తిప్పి పంపడం నేర్చుకున్నారు. దుకాణం మూతపడింది. అమ్మమ్మ ఇంట్లో కూర్చుంది. ఊరికే కూర్చుంటే బాగానే ఉండేది. గుమ్మం దగ్గర మా చెప్పులన్నీ సైజులవారీగా పేర్చింది. అవి అయిపోయాక పై వాటా వాళ్ళవి కూడా తెచ్చి పేర్చింది. వాళ్ళు దొంగలు పడ్డారనుకుని మెట్లన్నీ దిగి వీధి చివరిదాకా పరిగెత్తారు. ఆ తర్వాత మెల్లగా ఆ చిలిపి పనులు కూడా మానేసింది. మాట తగ్గింది, తిండి తగ్గింది, కిటికీలోంచి నడిచేవాళ్ళ కాళ్ళు చూస్తూ ఉండిపోయేది. అమ్మ నన్ను పక్కకి పిలిచి, "కదిలే మనిషే, కూర్చుంటే తుప్పు పట్టిపోతుంది. ఏదో ఒకటి చూడవే" అంది.

నేను పనిచేసేది జిరాక్సు కొట్టులో. లెక్కల్లో రెండుసార్లు తప్పాక చదువు నన్ను వదిలేసింది, నేను దాన్ని వదిలేశాను, ఇద్దరం సుఖంగా ఉన్నాం. మా కొట్టుకి మూడు గుమ్మాల అవతల పాత టైర్ల గోదాములో గోడలెక్కే జిమ్ము పెట్టారు. 'పడితే బాధ్యత మాదే' అని వచ్చినవాళ్ళు సంతకం పెట్టాల్సిన హామీ పత్రాలు మా దగ్గరే తీసేవారు. లోపల రెండు నిలువుల ఎత్తు చెక్క గోడలు, వాటి నిండా రంగురంగుల ముద్దలు మరలతో బిగించి ఉంటాయి. కింద మోకాలెత్తు పరుపులు. పసుపు రంగు ముద్దలు పట్టుకుని పైదాకా వెళ్తే అందరికన్నా తేలిక దారి ఎక్కినట్టు. నల్లవి ఎక్కగలిగితే బల్లితో చుట్టరికం ఉన్నట్టు. అప్పటికే బస్సు డిపో వెనక ఒకటి, పెద్ద బజారు మేడ మీద ఒకటి ఇలాంటివే తెరిచారు. పగలంతా కుర్చీలకి అతుక్కుపోయిన వాళ్ళు సాయంత్రం గోడలకి అతుక్కోవడానికి ఎగబడుతున్నారు.

ఈ సంగతి చెబితే అమ్మమ్మ చాలా రోజుల తర్వాత నోరు విప్పింది. "గోడెక్కడానికి డబ్బు కడతారా? మేం చిన్నప్పుడు ఊరికే ఎక్కితేనే వీపు చీరేసేవాళ్ళు!"

"అక్కడ బూట్లు అద్దెకిస్తారు అమ్మమ్మా. ఇవ్వడానికి మనిషి కావాలట."

ఆవిడ అప్పటికే జుట్టు ముడేసుకుంటోంది.

జిమ్ము యజమాని ఆరడుగుల మీద ఇంకో జానెడు ఉంటాడు. అమ్మమ్మ చూడగానే నిచ్చెన అని పేరు పెట్టేసింది. మొహం మీద మాత్రం బాబూ అనేది. పాతికేళ్ళవాళ్ళు చేసే పనికి అరవై ఆరేళ్ళావిడ వచ్చేసరికి అతను ఇబ్బందిగా నవ్వి, "మీకు బూట్ల గురించి ఏమైనా తెలుసాండీ?" అని అడిగాడు.

అమ్మమ్మ అతని కాళ్ళకేసి చూసింది. "కుడి మడమ బయటివైపు అరిగింది. ఒరిగి నడుస్తున్నావు బాబూ. నడుం నొప్పి ఉండాలే?"

ఉంది. ఉద్యోగం దొరికింది. కానీ మూడు నెలల గడువు పెట్టాడు. "సొంత బూట్లున్న పాతవాళ్ళు ఎలాగూ వస్తారండీ. అద్దె బూట్లు వేసుకునే కొత్తవాళ్ళు రెండోసారి రావాలి. అలా వస్తే కౌంటరూ ఉంటుంది, మీరూ ఉంటారు. లేకపోతే మాత్రం అరలు కట్టించి బూట్లు అందులో పడేస్తా, ఎవరివి వాళ్ళే తీసుకుంటారు" అని ఉన్నమాట చెప్పేశాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "ఇవి బాగా బిగుతుగా ఇవ్వాలండీ. వేళ్ళు ముందుకి ఆనాలి."

అమ్మమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికి వస్తూ దారి పొడుగునా నవ్వింది. "నాకు బూటు తొడగడం నేర్పుతాడే! తాతకి దగ్గులు నేర్పినట్టు!"

ఆ కౌంటర్లో అమ్మమ్మని చూడాల్సిందే. ఉన్న డెబ్భై జతలకీ రోజూ వాసన పోయే మందు కొట్టి, ఆరబెట్టి, నాలుకలు సర్ది, మడమలు ఒకే వరసలో ఉండేలా పేర్చేది. ఎవరైనా వచ్చి "నాది ఎనిమిది సైజు" అంటే, "అది నువ్వనుకుంటున్న సైజు. ఏదీ, కాలు చూపించు" అనేది. వంగి తొడిగి, నొక్కి చూసి, వేలెడు ఖాళీ చూసుకుని పంపేది. అది చాలదన్నట్టు మెత్తటి లావు మేజోళ్ళు తన డబ్బుతో కొనుక్కొచ్చి, "ఇవి కూడా వేసుకో నాయనా, హాయిగా ఉంటుంది" అని ఇచ్చేది. వచ్చినవాళ్ళు మురిసిపోయేవారు.

గోడ మీద మాత్రం కథ వేరే నడిచేది. కొత్తవాళ్ళు పసుపు దారిలో మూడో ముద్ద దాకా వెళ్ళి, కాలు జారి, దభీమని పరుపు మీద పడేవారు. లేచి ఎక్కి మళ్ళీ పడేవారు. ఐదారుసార్లు పడి, "ఇది మన ఒంటికి పడేది కాదు" అని బట్టలు దులుపుకుని వెళ్ళిపోయేవారు. ఒక్కళ్ళూ తిరిగొచ్చేవారు కాదు.

నిచ్చెనకి నిద్ర పట్టలేదు. ముద్దలకి చెమట జిడ్డు పట్టిందని అన్నీ విప్పించి తోమించాడు. పసుపు ముద్దలు చిన్నవయ్యాయని గుమ్మడికాయలంత కొత్తవి తెప్పించాడు. గోడ నిటారుగా ఉందని వడ్రంగిని పిలిచి వెనక్కి వాలేలా కట్టించాడు. అయినా పడ్డారు. ముద్దలు బిగించే అమ్మాయి చేతిలో ఎప్పుడూ మరల యంత్రం గర్రుమంటూ ఉంటుంది గనక ఆవిడ డ్రిల్లు పిల్ల. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ దారి మా అక్క కూతురు ఎక్కిందండీ! ఐదేళ్ళది! చేతిలో బిస్కెట్టుతో ఎక్కింది!" అని అరిచేది.

"దాని బూట్లు ఎవరిచ్చారు?" అని ఎవరైనా అప్పుడు అడిగి ఉంటే బాగుండేది. అది సొంత బూట్లు తెచ్చుకుంది.

అభిప్రాయాల పుస్తకం ఒకటి గుమ్మం దగ్గర వేలాడదీశారు. అందులో చదివితే నిచ్చెనకి ఇంకా అయోమయం. 'గోడ చాలా కష్టం, బూట్లు చాలా సుఖం.' 'పదిసార్లు పడ్డాను, కానీ కాలు ఒక్కసారి కూడా నొప్పి పుట్టలేదు.' 'బూట్ల దగ్గర కూర్చునే పెద్దావిడ బంగారం.' ఒక బస్సు కండక్టరైతే పూర్తి పేజీ రాశాడు. తన జన్మలో ఇంత మంచి బూట్లు తొడుక్కోలేదట. సొంతానికి అమ్ముతారా అని అడిగాడు.

అమ్మమ్మ ఆ పేజీలు నాచేత జిరాక్సు తీయించి ఇంట్లో అద్దం పక్కన అంటించింది. ఎక్కువమంది పడిన రోజు ఆవిడకి జాలి ఇంకా ఎక్కువయ్యేది. "పాపం, కాళ్ళు ఒత్తుకుపోతున్నాయేమో" అని మర్నాటి నుంచి ఇంకో అరసైజు పెద్దవి ఇచ్చేది.

మూడో నెల సగం దాటింది. ఒక సాయంత్రం నిచ్చెన కౌంటర్ ముందుకి వచ్చి, బూట్లకేసి చూస్తూ మాట్లాడాడు. "అమ్మమ్మగారూ, మీ పనిలో వంక లేదు. కానీ కొత్తవాళ్ళు ఎవరూ నిలవట్లేదు. నెలాఖరుకి కౌంటరు తీసేయక తప్పేట్టు లేదండీ."

ఇంటికి వచ్చాక అమ్మమ్మ కుర్చీని మళ్ళీ కిటికీ దగ్గరికి లాక్కుంది. అమ్మ నాకేసి చూసింది, నేను అమ్మకేసి చూశాను. కాసేపయ్యాక కిటికీ దగ్గర్నుంచే మాట వినిపించింది.

"ఏమే, అసలు ఆ గోడ మీద ఏముంది? అందరూ ఎందుకు పడుతున్నారు?"

"ఎక్కితే తెలుస్తుంది."

"సరే. సోమవారం సెలవు కదా. తాళం నా దగ్గరే ఉంది. నువ్వూ రా, పడితే పట్టుకుందువు."

నేనేదో సరదాకి అన్నాను. ఆవిడ సరదాకి వినలేదు.

సోమవారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. నాకు తుంటరి బుద్ధి పుట్టింది. "నలభై ఏళ్ళుగా ఊరందరికీ తొడిగావు, ఇవాళ నీకు నేను తొడుగుతా, కూర్చో" అని ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడ సైజు నాకు తెలుసు. కావాలనే దానికి రెండు సైజులు చిన్నవి తీశాను. జీవితంలో ఒక్కసారైనా ఆవిడకి బిగుతు బూటు తొడిగి, ఆ మొహం చూడాలని నా కోరిక. ఇంకే పాపమూ ఎరుగను.

"అబ్బా! వేళ్ళు మడతపడ్డాయే, రాక్షసీ! పెద్దవి తీయి!"

"మిగతావన్నిటికీ మందు కొట్టావు, తడిగా ఉన్నాయి."

"నీ పెళ్ళి చెప్పులు ఇలాగే ఉండాలి" అని శపించి లేచింది. కుంటుకుంటూ గోడ దాకా వెళ్ళింది. నేను నోరు మూసుకుని నవ్వుతున్నాను. ఆవిడ పసుపు ముద్ద మీద కాలు పెట్టింది. రెండోది పెట్టింది. అందరూ పడే మూడో ముద్ద దగ్గర నేను నవ్వు ఆపి గోడ కిందికి పరిగెత్తాను. ఆవిడ పడలేదు. బొటనవేలు ముద్ద మీద మేకు దిగినట్టు ఆనింది. తిడుతూనే నాలుగు, తిడుతూనే ఐదు. కోడిపిల్లంత మనిషి, చీర కింద నా పైజమా వేసుకుని, గోడ మీద కప్పు దాకా పాకిపోయింది.

"ఏమే! పైన దుమ్ము చూడు, ఎంతుందో! ఎవరూ తుడవరా ఇక్కడ?"

"ఎవరైనా వస్తే కదా తుడవడానికి! దిగు అమ్మమ్మా, నా గుండె ఆగిపోతోంది!"

దిగింది. దిగి, పరుపు మీద కూర్చుని, బూట్లు ఊడదీసి, అడుగు తట్టూ ముందు తట్టూ తిప్పి చూసింది. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. తడి లేదు ఏమీ లేదు, అర దగ్గరికి వెళ్ళి తన అసలు సైజు జత తీసుకుంది. లావు మేజోళ్ళు వేసుకుంది. బొటనవేలితో నొక్కి చూసుకుంది. వేలెడు ఖాళీ ఉంది. వెళ్ళి ఎక్కింది. మూడో ముద్ద మీద బూటు అక్కడే ఉంది, లోపల కాలు గిర్రున తిరిగింది. దభీమని వచ్చి పరుపు మీద పడింది. మళ్ళీ ఎక్కి మళ్ళీ పడింది.

వెల్లకిలా పడుకునే అంది, "నేనేనే. అందర్నీ పడేసింది నేనే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన కూర్చున్నాను. "ఎవరికీ తెలీదు అమ్మమ్మా. రేపట్నుంచి గుట్టుగా బిగుతువి ఇవ్వు. నిచ్చెన గోడ బాగుపడిందనుకుంటాడు. వడ్రంగికి మంచి పేరొస్తుంది."

"నోర్ముయ్యి. సరిపోని బూటు ఇచ్చి, వెనక్కి తీసుకోకుండా ఎప్పుడైనా ఉన్నానా?"

"ఉద్యోగం పోతుందే!"

"పోతే కిటికీ ఉంది" అంది. లేచి, ఆ రెండు జతలూ తుడిచి అరలో పెట్టేసింది.

మర్నాడు జిమ్ము తెరవగానే నిచ్చెననీ డ్రిల్లు పిల్లనీ నిలబెట్టి అంతా చెప్పేసింది. ఖాళీ వేలెడు, మేజోళ్ళు, జాలి పుట్టినప్పుడల్లా పెంచిన అరసైజు, ఒక్కటీ దాచలేదు. నిచ్చెన గోడకేసి చూశాడు.

"ముద్దలన్నీ తోమించానండీ."

"తెలుసు బాబూ."

"గోడని వడ్రంగితో వెనక్కి వాలేలా కట్టించానండీ!"

"తప్పే బాబూ. మొదటిరోజు నువ్వు చెప్పావు, నేను వినలేదు."

డ్రిల్లు పిల్ల పరుపు మీద పడి దొర్లింది. "నేను మూడుసార్లు రాజీనామా రాశానండీ! మూడుసార్లు!" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

నిచ్చెన మాత్రం నవ్వలేదు. మెడ రుద్దుకుని, "చెప్పినందుకు కోపం లేదండీ. కానీ పోయినవాళ్ళు పోయారు. నెలాఖరుకి పన్నెండు రోజులే ఉన్నాయి. ఎవరూ తిరిగి రాకపోతే ఏం చేయను?" అన్నాడు.

"వాళ్ళని నేను పిలుస్తాను."

హామీ పత్రాల కట్ట తీసుకుంది. ఒక్కోదాని మీద పేరు, ఫోను నంబరు, బూటు సైజు ఉన్నాయి. పేర్లు ఆవిడకి గుర్తులేవు. సైజు చూడగానే మనిషి నడిచొచ్చేవాడు. మధ్యాహ్నాలు నేను కొట్టులోంచి వచ్చి నంబరు నొక్కి ఇస్తే ఆవిడ మాట్లాడేది.

"ఏమ్మా, బాగున్నావా? చిటికెన వేలు పక్కకి ఉంటుంది నీకు, నువ్వే కదూ? ఆ, నేనే, బూట్ల అమ్మమ్మని. నువ్వు పడింది నీ తప్పు కాదమ్మా. నేను వదులు బూట్లు ఇచ్చాను. ఆదివారం రా. రుసుమేం వద్దు... అవును, యజమాని ఒప్పుకున్నాడు. ఇప్పుడే ఒప్పుకుంటున్నాడు."

వెనకాల నిచ్చెన రెండు చేతులూ ఎత్తి ఒప్పుకున్నాడు.

కొందరు రాంగ్ నంబరన్నారు. ఒకాయన, "ఈసారి కొత్త మోసమా?" అన్నాడు. ఒకావిడ మాత్రం అవతల ఏడ్చేసింది. తను లావుగా ఉండబట్టే పడిపోయానని రెండు నెలలుగా అద్దం చూడటం మానేసిందట. ఆ ఫోను పెట్టేశాక అమ్మమ్మ చాలాసేపు ఇంకో పత్రం తీయలేదు. తర్వాత రెట్టింపు వేగంతో తీసింది. మొత్తం నూట నలభై మందికి చేసింది. కండక్టరు మాత్రం, "ఆ బూట్లనేమీ అనకండి! అవే కావాలి నాకు!" అని పోట్లాడాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి గుమ్మం దగ్గర నేనూ అమ్మా నిలబడ్డాం. తొమ్మిదింపావుకి ఎవరూ లేరు. నిచ్చెన గడియారం చూడనట్టు చూస్తున్నాడు. అమ్మమ్మ అన్ని జతలూ తీసి తుడిచి మళ్ళీ పేరుస్తోంది. తొమ్మిదిన్నరకి ఫోనులో ఏడ్చినావిడ తలుపు తోసుకుని వచ్చింది. వెనకే ఆవిడ అక్క. ఆ వెనక ముగ్గురు. పదయ్యేసరికి వరస మా జిరాక్సు కొట్టు దాకా పాకింది.

అమ్మమ్మకి అంతటి శిక్ష ఎవరూ వేసి ఉండరు. ప్రతి కాలినీ మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళు ముందుకి ఆనేదాకా బిగుతు బూటు లాగుతూ, "క్షమించు తల్లీ... ఇంకొంచెం ఓర్చుకో నాయనా... చంపుతున్నాను, తెలుసు" అంటూ ప్రతివాళ్ళ బొటనవేలికీ విడివిడిగా క్షమాపణ చెప్పింది. అవతల వాళ్ళు కుయ్యోమొర్రో అంటూ నడిచి వెళ్ళారు. గోడెక్కారు. మూడో ముద్ద దాటారు. అద్దం మానేసినావిడ కప్పు మీద చెయ్యి కొట్టి కేక పెట్టింది చూడండి, మా కొట్టులో కాగితాలు ఎగిరాయంటే నమ్మాలి. కిందికి దిగి అమ్మమ్మని గట్టిగా వాటేసుకుంటే ఆవిడ స్టూలుతో సహా పైకి లేచింది.

కండక్టరు చివరికి వచ్చాడు. బిగుతు బూట్లు తొడుగుతుంటే, "ఇది అన్యాయమండీ, పాతవి ఏవీ?" అని సణుగుతూనే వెళ్ళాడు. సణుగుతూనే పసుపు దారి ఎక్కేశాడు. పైకి చేరి, చివరి ముద్దని వాటేసుకుని, కిందకి చూసి బిగుసుకుపోయాడు.

అప్పుడే నిచ్చెన కౌంటర్ దగ్గరికి వచ్చాడు. చొక్కా నిండా ఎక్కేవాళ్ళు చేతులకి రాసుకునే సుద్దపొడి. "నలభై ఇద్దరు నెల చందాకి పేరిచ్చారు అమ్మమ్మగారూ. ఒక్కరే ఇంతమందికి తొడగలేరు. మీ పక్కన ఇంకో మనిషిని పెడతాను. మీరే నేర్పాలి."

అమ్మమ్మ చీర చెంగుతో మొహం తుడుచుకుంది, ఎక్కువసేపే తుడుచుకుంది. తర్వాత "నేర్పుతాను గానీ, వచ్చేవాళ్ళకి నేను చెప్పింది వినే బుద్ధి ఉండాలి బాబూ. నాలాంటి మొండివాళ్ళని తేకు" అంది.

"అమ్మా! ఎవరైనా ఉన్నారా?" పైనుంచి కండక్టరు కేక. "ఎక్కడం ఎక్కేశాను. దిగే దారి ఏదండీ?"

"ఏ రంగు పట్టుకునైనా దిగొచ్చు నాయనా!" అని అమ్మమ్మ స్టూలు మీంచి అరిచింది. "మీ బస్సులో అందర్నీ నువ్వే దింపుతావు కదా! ముందు ఆ ఎడమ కాలు వదులు!"

గోడ కింద ఉన్నవాళ్ళందరూ తలెత్తి, ఒకేసారి, ఎడమ కాలు, ఎడమ కాలు అని అరవడం మొదలుపెట్టారు. ఆయన కుడి కాలు కదిపాడు.